నోలీన్ దాచిన దగ్గు

రెజర్వార్ అనే పేటలో, చెరువు పక్కన కార్లు ఆపుకునే చోట, చిట్టచివరి యూకలిప్టస్ చెట్టు కింద, చలికాలం మొదలైనప్పటి నుంచీ పాత వెండిరంగు కారొకటి ఉండేది. అందులో నోలీన్ హ్యాచర్ కాపురముంటోందని ఎవరికీ తెలియదు. తెలియకూడదనే ఆవిడ తాపత్రయమంతా.

నోలీన్‌కి అరవై దాటాయి. ఆ పేట బడిలో క్యాంటీన్ నడిపి, ఒక తరం పిల్లలకి మాంసం కూరిన మీట్ పైలు వేడిచేసి పెట్టిన మనిషి. భర్త పోయాక అద్దింట్లో ఒంటరిగా, ఎవరి జోలికీ పోకుండా బతికింది. యజమాని ఇల్లు అమ్మేశాడు. కొత్త అద్దెలు ఆవిడకి అందేవి కావు. స్నేహితురాలి ఇంట్లో సోఫా మీద కొన్నాళ్ళు పడుకుంది. ఆ స్నేహితురాలి మొహంలో విసుగు కనబడిన రోజున, దూరపు ఊరు షెపర్టన్‌లో చెల్లెలి దగ్గరికి పోతున్నానని చెప్పి బట్టల సంచులు కారులో వేసుకుంది. చెల్లెలికేమో స్నేహితురాలి ఇంట్లోనే ఉన్నానని చెప్పింది. రెండు అబద్ధాల మధ్య కారులో ఉండిపోయింది.

దానికీ ఒక పద్ధతి ఏర్పరచుకుంది. పొద్దున్నే ఈతకొలను షవర్లో స్నానం, ఆ తర్వాత క్యాంటీన్ పని, సాయంత్రం దాకా లైబ్రరీలో వెచ్చగా కూర్చోవడం. ఆవిడని చూసినవాళ్ళెవరూ ఇల్లు లేని మనిషనుకోరు. కరోనా వచ్చి అన్నిటికీ ఒకేసారి తాళాలు వేసింది. బడి మూశారు, కొలను మూశారు, లైబ్రరీ మూశారు, చెరువు పక్కనున్న పాయిఖానాకి కూడా గొలుసు బిగించారు. ఎవరిళ్ళలో వాళ్ళుండాలనీ, ఊరికే బయట తిరిగితే జరిమానా అనీ రేడియోలో చెబుతుంటే కారులో కూర్చుని వినేది. పోలీసు బండి దూరాన కనబడితే చాలు, సీటు వాల్చి, నిండా దుప్పటి కప్పుకుని ఊపిరి బిగబట్టేది. ఒకసారి ఎవడో కారు తలుపు లాగి చూశాడు. తాళం వేసి ఉండబట్టి సరిపోయింది. వాడు వెళ్ళిపోయిన చాలాసేపటిదాకా ఆవిడ దుప్పట్లోంచి తల బయటపెట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఎవరో కారు అద్దం మీద తట్టారు. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. చూస్తే పోలీసు కాదు. మాస్కు పెట్టుకున్న పొడుగాటి సమోవా దీవుల అమ్మాయి. తట్టిన వెంటనే నాలుగడుగులు వెనక్కి జరిగి, బాగా కనబడేలా నిలబడింది. తన పేరు లోసా అనీ, ఇళ్ళు లేనివాళ్ళని హోటల్ గదుల్లోకి చేర్చే పని చేస్తున్నాననీ చెప్పింది. వచ్చేవాళ్ళు లేక హోటళ్ళు ఖాళీగా పడున్నాయి, గదుల ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది. నోలీన్ అద్దం వేలెడు దించి, తను చెల్లెలి కోసం ఎదురుచూస్తున్నానంది. లోసా కాదనలేదు. వేడి సూపు డబ్బా కారు ముందుభాగం మీద పెట్టి వెళ్ళింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

"మీ చెల్లెలు ఇంకా రాలేదా ఆంటీ?"

"నన్ను ఆంటీ అనకమ్మాయ్. నేను నీకేమీ కాను."

"మీ వయసువాళ్ళని పేరుపెట్టి పిలిచానని తెలిస్తే మా అమ్మ చెవి మెలేస్తుంది. నా చెవి కోసమైనా ఊరుకోండి."

నోలీన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు కాస్తా ఏడుపులోకి దిగింది. తమాయించుకున్నాక, ఆ హోటల్లో ఎవరెవరుంటారని అడిగింది. అన్ని రకాలవాళ్ళూ ఉంటారనీ, కొందరు కేకలు వేస్తారనీ లోసా ఉన్నదున్నట్టు చెప్పింది. గదికి మాత్రం లోపల గడియ ఉంటుందంది. ఆ గడియ మాటకే నోలీన్ ఒప్పుకుంది.

తీరా వెళ్ళిన రోజే ఒకాయన నడవా పొడుగునా అరుస్తూ కనబడ్డ ప్రతి తలుపునీ తన్నుకుంటూ పోయాడు. నోలీన్ గడియ వేసి, కుర్చీ అడ్డం పెట్టి, స్నానాలగదిలో నేల మీద కూర్చుంది. ఆయన చప్పుడు సద్దుమణగగానే సంచులు తీసుకుని పిల్లిలా దిగి కారులోకి వెళ్ళిపోయింది. లోసా వెతుక్కుంటూ వచ్చింది. ఒక్కమాట కూడా దెప్పకుండా, ఆడవాళ్ళు మాత్రమే ఉండే అంతస్తులో గది ఇప్పించింది. అక్కడ ఆవిడకి కంటినిండా నిద్ర పట్టింది.

అది ఎన్నాళ్ళో నిలవలేదు. ఎదురుగది ఆవిడని తెల్ల ముసుగులు తొడుక్కున్న మనుషులు బండి మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. ఆవిడ తిరిగి రాలేదు. జబ్బు చేసినవాళ్ళకి మళ్ళీ గది ఇవ్వరట అని ఎవరో అన్నారు. ఆ వారంలోనే నోలీన్‌కి గొంతు పట్టేసింది, ఒళ్ళు కాలిపోయింది. చచ్చిపోతానన్న భయం ఒకవైపు, గది పోతుందన్న భయం ఇంకోవైపు. రెండోదే గెలిచింది. దగ్గొస్తే దిండులో మొహం దూర్చేది. బయటికి వినబడకుండా షవర్ తిప్పి ఉంచేది.

రోజూలాగే లోసా ఫోన్ చేసింది.

"ఆ నీళ్ళ చప్పుడేంటి ఆంటీ?"

"స్నానం చేస్తున్నా."

"ఫోన్ పట్టుకునా?"

నోలీన్ జవాబు చెప్పబోయింది. దగ్గు తెర కమ్మేసింది.

కాసేపటికి లోసా వచ్చి తలుపు బయట కూర్చుంది. నోలీన్ లోపలివైపు తలుపుకి జారగిలబడి ఉంది. గడియ తియ్యలేదు.

"తీసుకెళ్తే మళ్ళీ ఈ గది ఇస్తారా?"

"ఈ గదే ఇస్తారని చెప్పలేను. కారులోకి మాత్రం పంపనివ్వను."

"పంపనివ్వకపోవడానికి నువ్వెవరివి?"

"ఎవర్నీ కాను. కానీ రోజూ వెళ్ళి గదులిచ్చేవాళ్ళ ప్రాణం తీస్తా. నేనెంత జిడ్డుదాన్నో మీకు తెలీదా?"

ఊపిరాడక నోలీన్ కళ్ళకి చీకట్లు కమ్ముతున్నాయి. ఏమైతే అదవుతుందని గడియ తీసింది.

కరోనాయే. ఆసుపత్రిలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. అయినవాళ్ళెవరని నర్సు అడిగితే చెల్లెలి నంబరు చెప్పక తప్పలేదు. చెల్లెలు ఫోన్లో ముందు ఏడ్చింది, తర్వాత చెడామడా తిట్టింది. పక్క మంచం ఖాళీ అయినప్పుడల్లా నోలీన్ గోడవైపు తిరిగి పడుకునేది. తన వంతు ఎప్పుడా అని ఎదురుచూసింది. ఆ వంతు రాలేదు.

లోసా అన్నంత పనీ చేసింది. ఆసుపత్రి నుంచి ఇంకో హోటల్, అక్కణ్ణుంచి మరోటి. ప్రతిచోటా ఎప్పుడు పొమ్మంటారోనని నోలీన్ ప్రాణం అరచేతిలో పెట్టుకునే ఉండేది. ఎండాకాలం వచ్చాక పక్కపేట ప్రెస్టన్‌లో ఒంటిగది ప్రభుత్వ ఫ్లాట్ దొరికింది. అద్దె ఆవిడ పింఛనుకి తగ్గట్టే.

తాళంచెవి ఇచ్చి లోసా వెళ్ళిపోయాక నోలీన్ గది మధ్యలో నిలబడింది. మంచం ఉంది, బీరువా ఉంది. పొరపాటున ఇచ్చాం, ఖాళీ చెయ్యమని రేపెవరైనా వస్తే? సంచులు విప్పడానికి చేతులు రాలేదు. వాటిని తలుపు పక్కనే పెట్టుకుని, కావలసిన బట్టలు అందులోంచే తీసుకుంటూ వారమంతా గడిపింది. ఎవరూ రాలేదు. సోమవారం పొద్దున చలికోటు ఒక్కటి పైకి తీసి, దులిపి, బీరువాలో తగిలించింది. మిగతావి అప్పటికి అలాగే ఉంచింది.