ఐరన్ లెగ్ ఎవరిదో తేల్చిన సీజన్

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్రపంచంలో ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనీ, కాస్త ఓపిక పడితే అది దొరికి తీరుతుందనీ మనిషికి గట్టి నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకది మరీ ఎక్కువ. రాయదుర్గం మెట్రో పక్కన ఒక అద్దాల మేడలో టెస్టర్‌గా చేరాను. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పెక్కడుందో వెతకడం నా పని (నా తప్పులు వెతకడానికి మేనేజరు వేరే ఉండేవాడు). మూసాపేటలో హాస్టల్, పగలంతా ఆఫీసు, సాయంత్రాలు ఖాళీ. ఆ ఖాళీలోకి ఎలా జొరబడిందో గానీ, ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు జొరబడింది. క్రికెట్‌ను ప్రేమించడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. ఆ సీజన్లో మా ఫుట్‌బాల్ జట్టును ప్రేమించాలంటే అవి బొత్తిగా ఉండకూడదు. జట్టు ఓడిపోయేది. ఈ వాక్యానికి ఇంకేమైనా చేర్చాలని నాకూ ఉంది గానీ, చేర్చడానికి ఏమీ జరగలేదు.

గచ్చిబౌలి స్టేడియంలో గోలు వెనక స్టాండులో నాకిద్దరు పరిచయమయ్యారు. ఒకాయన బాచుపల్లిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే లెక్చరరు. ఆటగాళ్ళకు స్టాండులోంచే అరిచి సలహాలిచ్చేవాడు కాబట్టి కోచ్ సార్ అనేవాళ్ళం (వాళ్ళు వినేవారు కాదు, అసలు కోచ్ మాట మాత్రం విన్నట్టు కనిపించిందా?). రెండో ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో నర్సు, మా గుంటూరు వైపు మనిషే. నేను సిస్టరక్కా అనేవాణ్ణి. ఆట మొదలయ్యే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. సీజన్ మొదట్లో విజయం అడిగేది. సగానికొచ్చేసరికి, "ప్రభువా, డ్రా అయినా పర్లేదయ్యా" అనడం నేను చెవులారా విన్నాను.

ఒక ఓటమి తర్వాత కోచ్ సార్ బయటపడ్డాడు. "గిది ఆట తప్పు కాదు తమ్మీ. మన ముగ్గుర్ల ఎవల్దో ఐరన్ లెగ్గున్నది."

"అలాంటివి నేను నమ్మనండి," అంది సిస్టరక్క. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "అయినా, ఎవరిదంటారు?" అంది.

ఇక్కడే నా చదువు అడ్డొచ్చింది. ఊరుకోవచ్చు కదా! "దీనికో పద్ధతుంది సార్. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒక్కో మ్యాచికి మనలో ఒకరు రాకూడదు. ఎవరు రానప్పుడు గెలిస్తే వాళ్ళదే," అన్నాను. ఆఫీసులో నా మాట అంత శ్రద్ధగా విన్నవారు లేరు. మొదట కోచ్ సార్ ఇంట్లో ఉండిపోయాడు, ఓడిపోయాం. తర్వాత సిస్టరక్క డ్యూటీ వేయించుకుంది, ఇంకా శుభ్రంగా ఓడిపోయాం. నా వంతొచ్చింది. హాస్టల్లో మంచమ్మీద కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూశాను.

"తమ్మీ, తిన్నవా?" అన్నాడు కోచ్ సార్. గొంతు దవాఖాన వరండాలోంచి మాట్లాడుతున్నట్టుంది.

"తిన్నాను సార్. ఏమైంది?"

"ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు. జర గుండె గట్టి చేస్కో. గెల్చినం."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన వార్త నాకు అలా పరామర్శగా అందింది. ఎగరాలో ఏడవాలో తెలియక, టెస్టర్లకు మాత్రమే తట్టే ఒక వాదన లేవదీశాను. ఒక్కసారి జరిగింది కాకతాళీయం కావచ్చు, మళ్ళీ జరిగితేనే రుజువైనట్టు అన్నాను. "గదైతే నిజమే," అన్నాడాయన సంతోషంగా. "ఆఖరి మ్యాచికి గుడ రాకు మరి." సీజన్లో మిగిలింది ఆ ఒక్క మ్యాచే. మళ్ళీ గెలిచారంటే నాపై ముద్ర పడిపోయినట్టే, ఇక జన్మలో ఆ స్టాండులో నాకు చోటుండదు.

ఆఖరి మ్యాచి సాయంత్రం హాస్టల్లో ఉండబుద్ధి కాక స్టేడియం గేటు దాకా వెళ్ళాను. అక్కడ వాళ్ళిద్దరితో ఓ చర్చ జరిగింది. గేటు బయటుంటే రానట్టేనా?

"నీ రేంజెంతో మనకేం ఎర్క?" అన్నాడు కోచ్ సార్. చివరికి రోడ్డుకు అవతల టీ బండి దగ్గర, స్టేడియానికి వీపు పెట్టి కూర్చోవడానికి ఒప్పందం కుదిరింది. ఫోన్లో చూసినా చూసినట్టేనని సిస్టరక్క నా ఫోన్ హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "ఏమనుకోకు తమ్ముడూ," అంటూ జిప్పు లాగింది.

ఇక నాకు మిగిలినవి చెవులే. ఐటీ పుణ్యమా అని అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఈ చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి, మా స్టేడియానికి ఎదుటి జట్టు అభిమానులే ఎక్కువగా వచ్చేవారు. అందుచేత లెక్క తేలిక. పెద్ద అరుపు వినిపిస్తే గోలు వాళ్ళది, చిన్న అరుపైతే మనది. సగం గ్లాసు టీ అయ్యేసరికి వెనకనుంచి ఒక చిన్న అరుపు వచ్చింది. ఎగిరి గంతేశాను. నేల మీదికి దిగాక గాని అర్థం కాలేదు, నా శిక్ష ఖాయమవుతోందని.

"ఏమైంది సార్?" అన్నాడు టీ బండాయన.

"మనవాళ్ళు గోల్ కొట్టారు."

"మరి గట్ల మొఖం పెట్టినవేంది?"

చాలాసేపటికి ఒక పెద్ద అరుపు వచ్చింది. నా పరువు కొంచెం తేరుకుంది. హాయిగా అనిపించాలి కదా, అనిపించలేదు. ఇంకో పెద్ద అరుపు కూడా వస్తే నేను పూర్తిగా నిర్దోషిని. కూర్చుని నన్ను నేనే ఆసక్తిగా గమనించుకున్నాను, ఈ మనిషి ఇప్పుడు ఏం కోరుకుంటాడా అని. ఆ మనిషి, సిగ్గులేకుండా, చిన్న అరుపు కోసమే చెవులు రిక్కించి కూర్చున్నాడు. వచ్చింది మాత్రం పెద్దదే. దాని వెనకే ఇంకొకటి.

గేట్లు తెరిచారు. ముందుగా బయటికొచ్చింది మావాళ్ళిద్దరే. కోచ్ సార్ ట్రాఫిక్‌కు చెయ్యి అడ్డం పెడుతూ రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చాడు. "ఓడిపోయినం తమ్మీ! నువ్వు కాదు! నువ్వు కానే కాదు!" సిస్టరక్క కళ్ళు తుడుచుకుంటూ, "స్తోత్రం! నింద పోయింది తమ్ముడూ," అని ఫోన్ చేతిలో పెట్టింది. ముగ్గురం బండి ముందు చేతులు పట్టుకుని గంతులేశాం. గెలిచి వస్తున్న అవతలి అభిమానులు మా జెర్సీలు చూసి, మా మొహాలు చూసి, స్కోరు ఎంతో మళ్ళీ ఫోన్లలో సరిచూసుకున్నారు.

గంతులయ్యాక, టీలు చెప్పాక, కోచ్ సార్ మెల్లగా అడిగాడు. "మరి ఎవల్దంటవ్?"

నేను ఇద్దరికీ గ్లాసులందించాను. సిస్టరక్కే గ్లాసులోకి ఊదుతూ అంది. "మనవాళ్ళకి ఆట రాదేమోనండి."

సీజన్ మొత్తంలో ఆ సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ తర్వాత ఉద్యోగాలు మారాను, నా కింద మనుషులు చేరారు, పేరు పక్కన పొడుగాటి హోదా వచ్చింది. కానీ ప్లాస్టిక్ కుర్చీలో ఊరికే కూర్చుని పదకొండు మందిని ఓడించగలిగే శక్తి ఉందని నన్ను అనుమానించినవాళ్ళు మళ్ళీ దొరకలేదు. ఇప్పటికీ వీలున్నప్పుడల్లా ఆ స్టాండుకు వెళుతుంటాను. నేను వెళ్ళినా ఓడిపోతారు, వెళ్ళకపోయినా ఓడిపోతారు. ఎందుకో గానీ, కాస్త చిన్నతనంగా ఉంటుంది.