చూద్దాం సార్ పంపిన రాయబారం

అప్పట్లో నా ధైర్యమంతా బోర్డు దగ్గరే ఉండేది. హిందూపురంలో ఓ కాలేజీలో సోషల్ వర్క్ పిల్లలకు సంక్షేమ విధానాలు, అడ్వొకసీ (అంటే హక్కుల కోసం గట్టిగా అడగడం) పాఠం చెబుతూ ప్రభుత్వాల్నే గడగడలాడించేదాన్ని. "అధికారి 'చూద్దాం' అన్నాడని లేచి వచ్చేయకండి. ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా చూస్తారు, అడగండి!" అని బల్ల గుద్దేదాన్ని. గంట కొట్టగానే ఆ ధైర్యాన్ని చాక్‌పీసుతో పాటు అక్కడే వదిలేసి ధర్మవరం బస్సెక్కేదాన్ని. (కాంట్రాక్టు ఉద్యోగం మరి. ఏటేటా పొడిగించాల్సింది మా ప్రిన్సిపాల్. ఆయన్ను పిల్లలు చాటుగా 'చూద్దాం సార్' అనేవాళ్ళు. ఎందుకో వేరే చెప్పాలా?)

ప్రాజెక్టు కోసం పిల్లలు ఏ ముదిగుబ్బకో పోయి పింఛన్ల సమస్య ఎత్తుకుంటారనుకున్నాను. వాళ్ళేమో మా కాలేజీలోని ఆడపిల్లల బాత్రూంనే ఎత్తుకున్నారు. దానికి ఎప్పుడూ తాళమే, లోపలంతా విరిగిన బెంచీలు. సార్‌ను అడిగితే 'చూద్దాం' అన్నారట. దాంతో ఓ రోజు క్లాసులు మానేసి వరండాలో బైఠాయించారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "ఏమమ్మా, ఇదంతా నువ్వు నేర్పిచ్చిందేనంట కదా! పోయి నువ్వే సర్దిచెప్పు. నీ రెన్యువల్ నా టేబుల్ మీదే ఉండాది," అన్నారు.

వెళ్ళి పిల్లల ఎదురుగా కుర్చీ వేసుకుని, "సార్ చూద్దామన్నారు కదమ్మా..." అన్నాను. అయ్యో రామా, ఆ మాట నా నోట్లోంచే వచ్చింది! "ఎవురు చూస్తారు మేడమ్?" అంది పెనుకొండ పిల్ల, క్లాసులో ఏనాడూ నోరు విప్పనిది. "ఎప్పట్లోగా?" అన్నాడు పక్కవాడు. పాఠం అంత బాగా చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. "నిధులు రావాలి గదా..." అని నసిగాను. "తాళం తీసేకి దుడ్లెందుకు మేడమ్?" అని, ఆ పిల్లే గొంతు తగ్గించి అడిగింది: "అయినా మీరు బాత్రూంకి యాడికి పోతాండారు మేడమ్?"

ఎక్కడికీ పోయేదాన్ని కాదు, మాకు వేరే బాత్రూం ఉంటే కదా! పొద్దున ధర్మవరంలో బయలుదేరింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా గొంతు కూడా తడుపుకునేదాన్ని కాదు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "కొంచెం జరగండే," అని వాళ్ళ మధ్యలో కూలబడ్డాను.

కాసేపటికి ప్రిన్సిపాల్ వచ్చారు. "సర్దిచెప్పమంటే నువ్వూ ఈడనే కూచున్యావే!" అన్నారు. "సార్, నేనూ పొద్దున్నించి నీళ్ళు తాగలేదు సార్," అన్నాను, లేవకుండానే. ఆయన ఓసారి నా వైపూ, ఓసారి ఆ తాళం వైపూ చూశారు. తర్వాత అటెండరును కేకేశారు: "ఆ తాళంచెవి యాడుండాదో వెతుకప్పా!"

అది దొరకలేదు, తాళమే పగలగొట్టారు. (రిబ్బన్ కత్తిరించి ఫోటో దిగింది మాత్రం ఆయనే.) నా రెన్యువల్ కూడా వచ్చింది. "నిన్ను పంపిస్తే ఇంకో కాలేజీలో నేర్పిస్తావు. ఈడే ఉండు తల్లీ," అన్నారు.

ఇన్నేళ్ళకు అప్పటి నన్ను, ఆ పిరికి మేడమ్‌ను తలచుకుంటే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ సాయంత్రం గెలిచిన సంబరంలో ఆమె రెండు గ్లాసుల చెరకురసం తాగి మరీ బస్సెక్కింది. పెనుకొండ దాటాక గానీ తెలిసిరాలేదు, ధర్మవరం ఇంకా ఎంత దూరముందో!