ఫ్యాను కింద గట్టిపడిన ముక్క

పరిశోధనశాలలో అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ అటెండరు. కాలేయం ముక్కల్ని చెయ్యి వణక్కుండా ఒకే మందంలో కోయడంలో ఆయనకు ఆయనే సాటి. వాటిని సన్నటి సూదితో నొక్కి, ఎంత గట్టిగా ఉన్నాయో కొలిచి, ఆ లెక్కలతో కంప్యూటర్లో కాలేయానికి గణిత నమూనా కట్టడం అప్పట్లో కొత్తగా చేరిన ఒక పరిశోధకురాలి పని. ఇప్పుడు ఆ శాలకు ఆమే పెద్ద. అయినా ఆ మొదటి ఏడాది తలపుకొస్తే ముందుగా వినిపించేది పెద్దాయన గొంతే.

ఆ రోజుల్లో పొద్దున మెత్తగా ఉన్న ముక్క మధ్యాహ్నానికి గట్టిపడినట్టు అంకెలు వచ్చేవి. ఆమె మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని, నమూనాలో సమీకరణం మీద సమీకరణం చేర్చింది. ఏదీ కుదరలేదు. ఒకరోజు ఆమె నీరసంగా కుర్చీలో కూలబడితే పెద్దాయన ఉండబట్టలేకపోయాడు.

“కోప్పడనంటే ఒక మాట చెప్తానమ్మా. అది గట్టిపడట్లేదు, ఎండిపోతోంది. పైన ఆ ఫ్యాను చూడు.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం బాబాయ్?”

“నువ్వు అడిగితేగా!”

ఫ్యాను ఆపి, ముక్కను ఉప్పునీటిలో ఉంచి కొలిచారు. సాయంత్రందాకా అంకె కదల్లేదు. చేర్చిన సమీకరణాలన్నీ ఆమె నవ్వుకుంటూ కొట్టేసింది.

ఆ పరిశోధన మీద ఆమె రాసిన వ్యాసం అచ్చయినప్పుడు చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు వేయించింది. తీరా చూస్తే అందులో ఒక అక్షరం తప్పు పడింది. ఆమె నొచ్చుకుంటుంటే, ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“పోనీలేమ్మా, మా ఆవిడ నన్ను అలాగే పిలుస్తుంది.”