బల్ల మీది ఓడ, బీరువా మీది వీణ

మా ఆయన కొత్తవలస స్టేషన్లో పనిచేసి రిటైరయ్యారు. బతుకంతా గూడ్సు బళ్లకు జెండా ఊపిన మనిషికి ఉన్నట్టుండి ఓడ మీద మనసు పోయింది. అదీ నీళ్లలో తేలేది కాదు, కట్టుకుని కూర్చుని చూసుకునే బొమ్మ ఓడ. చెక్కముక్కలన్నీ ఒక పెట్టెలో వచ్చాయి. ఆ పెట్టె విప్పడానికి విజయనగరంలోని మా ఇంట్లో నా పాఠాల గది తప్ప వేరే చోటే దొరకలేదట.

ఆ గదిలో నేను పిల్లలకు వీణ నేర్పుతాను. చాప చుట్టేసి అక్కడ బల్ల వేశారు. వీణ బీరువా మీదికెక్కింది. "వారం రోజులేనే, ఓపిక పట్టు" అన్నారు. నెల దాటింది. ఇరుకు వరండాలో వీణ పట్టదు కాబట్టి పిల్లలకు నోటిపాఠమే గతయింది. ఆటో హారన్ల మధ్య ఏ శ్రుతి నిలుస్తుంది? ఇద్దరు పిల్లలు మెల్లగా కీబోర్డు క్లాసుకి జారుకున్నారు. మిగిలినవాళ్లూ పోతారేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఆ పాఠాలే పోతే ఈ ఇంట్లో నేను కాఫీ కలిపే మనిషిని, అంతే.

ఓడకు ముందు వెన్నుచెక్క, దాని మీద పక్కటెముకల్లాంటి చెక్కలు నిలబెట్టారు. ఇక వాటి మీద సన్నటి పట్టీలు అంటించాలి. పట్టీలు వంగాలంటే ఆవిరి పట్టాలట, నా ఇడ్లీ పాత్ర పోయింది. అంటించినవి కదలకుండా ఉండాలంటే బట్టల క్లిప్పులు కావాలట, అవీ పోయాయి. నా చీరలు తీగ మీంచి ఎగిరి పక్కింటి గోడ మీద పడుతుంటే ఓడ మాత్రం బిగుసుకుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మా బావగారు దిగారు. మా ఆయనకు అన్నగారు, రామతీర్థం దగ్గర ఒక పల్లెలో అర్చకులు. మా ఇంట్లో బోరు తవ్వాలన్నా బల్బు మార్చాలన్నా ఆయన సరే అనాల్సిందే. వెన్నుచెక్కకు పసుపు రాయించి, మంచి ఘడియ చూసి మొదటి పట్టీ కుడివైపు వేయించారు. మా ఆయన రెండోది ఎడమవైపు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఏట్రా అది? కుడి అవకుండా ఎడమ ముట్టుకుంతావేటి?"

"ఇటొకటి, అటొకటి ఎయ్యాలని పెట్టెతో వచ్చిన కాగితంలో ఉన్నాది అన్నయ్యా."

"కాగితం రాసినోడికి మడీ తడీ ఉన్నాదేటి? కుడి పక్కంతా ముందు పూర్తి సెయ్యి. ఎడం పక్క తరవాత సూద్దాం."

"ఒకపక్కే బిగిస్తే వంకర పోదాండీ?" అన్నాను గుమ్మంలోంచి.

"నీకు తెల్దు, ఊరుకో" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో. ఆ నెలంతా మా ఇంట్లో శ్రుతి కలిసింది అదొక్కసారే.

కుడి పక్క నిండింది. తడి ఆరింది, జిగురు బిగిసింది. ఓడ ముదిరిన అరటికాయలా మెల్లగా కుడికి వంగింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, ఇక్కడ ఆ కోతికి నడుం కూడా పట్టేసింది. మా ఆయన ఎడం పక్క పట్టీలు వేసి దాన్ని వెనక్కి లాగాలని చూశారు. అవి టప్పుటప్పున విరిగాయి. ఆయన ముఖం చూస్తే జాలేసింది, అబద్ధమెందుకు. మాడిపోయిన ఇడ్లీ పాత్ర చూడగానే ఆ జాలి పోయింది.

అప్పటికే ఊరెళ్లిపోయిన బావగారికి కబురెళ్లింది. వచ్చి, కండువా సర్దుకుని, ఓడ చుట్టూ తిరిగి చూశారు. తప్పు ఒప్పుకునే వంశమైతే కదా.

"దీనికేటి తప్పొచ్చింది? కుడికి తిరుగుతన్నాది. అంటే ప్రదక్షిణం సేస్తన్నాది. శుభం."

మా ఆయన ముఖం వెలిగింది. "నేనూ అదే అనుకున్నాను అన్నయ్యా" అన్నారు. ఓడని ఈ గదిలోనే, వచ్చినవాళ్లకు కనపడేలా ఉంచుతారట. దానికి జోడీగా ఇంకొకటి తెప్పిస్తారట.

నాకు ఒళ్లు మండిపోయింది. స్టూలెక్కి బీరువా మీంచి వీణ దింపాను. గుడ్డ తీస్తే తీగలు రంగు మారి ఉన్నాయి. ఓడని ఎత్తి తీసుకెళ్లి వీధి మెట్ల మీద పెట్టాను. బల్లని గోడకు నెట్టి చాప పరిచాను.

"అదేటే, ఓడ బయటెట్టేసేవు?" అన్నారు మా ఆయన.

"ప్రదక్షిణం సేస్తన్నాది కదండీ. ఊరు సుట్టి రానివ్వండి" అని, వరండాలో ఉన్న పిల్లల్ని లోపలికి పిలిచాను.