పలకల తిప్ప మీద సైకిలు బాట

మా ఇంటి నుంచి తారు రోడ్డుకు పోవాలంటే ఒకటే డొంక. రెండు పక్కలా సర్కారు తుమ్మ కంప. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు వస్తే భుజాలు రాసుకోకుండా దాటలేరు. అలాంటి డొంకలో తెల్లవారుజామున మొగుడు లేని ఆడది ఎదురొస్తే మా ఊరివాళ్లు ఏం చేస్తారో చెబుతాను. ఆగుతారు, పక్కకు ఉమ్ముతారు, ఇంటికి తిరిగిపోయి కాళ్లు కడుక్కుంటారు, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరతారు. అదే ఆడది సైకిలెక్కి గంట కొట్టుకుంటూ వస్తే ఇంక చెప్పేదేముంది?

నా భర్త మార్కాపురం స్టేషను దగ్గర టీ కొట్టుకు పాలు పోసేవాడు. కామెర్లొచ్చి పోయాడు. మాకు పిల్లలు లేరు. మిగిలింది రెండు బర్రెలు, ఒక మగ సైకిలు, మా అత్త. మనిషి పోయాడని బర్రెలు పాలివ్వడం మానవు కదా. పదకొండో రోజు దాటాక నేనే క్యాన్లు తగిలించుకున్నాను.

సైకిలు నాకు చిన్ననాడే వచ్చు. మా నాయన సైకిలు కడ్డీ సందులోంచి కాలు దూర్చి, గబ్బిలంలా పక్కకు వేలాడుతూ తొక్కేదాన్ని. "కోతి" అని తిట్టేవాడే గానీ దిగమని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు చీర గోచి పోసుకుని, పైన భర్త చొక్కా వేసుకుని కడ్డీ మీదుగానే ఎక్కేదాన్ని. చూసి నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వుకు పాలు విరగవు.

చిక్కు వచ్చింది మా బావ బోరుతో. బావంటే నా భర్తకు అన్న. ఇల్లు రోడ్డు మీద, పొలం మా ఇంటి వైపు. ఆ పొద్దు టెంకాయ పట్టుకుని డొంకలో వస్తున్నాడు. నేను పాలతో పోతున్నాను.

"ఏమ్మా, ఇయ్యాలే రావాల్నా నువ్వు? బోరు బండి వచ్చి పొలంలో నిలబడింది."

"పాలు ఆగవు బావా."

సాయంత్రం దాకా తవ్వితే దుమ్ము లేచింది, నీళ్లు రాలేదు. దీపాలు పెట్టే వేళకు బావ మా గుమ్మంలో ఉన్నాడు.

"నీ ముఖం చూసి పోయినా. ఏమైందో చూసినావా?"

"నీ తమ్ముడు బతికుండగా గూడా బోర్లు వేసినావు గదా. అప్పుడు యాడ పడినాయి నీళ్లు? అప్పుడు ఎదురొచ్చింది ఎవరు?"

జవాబు లేనప్పుడు మగవాళ్లు ఊరిని పిలుస్తారు. "ఇది నా ఒక్కడి మాట కాదు. పొద్దెక్కి అందరూ పనులకు పోయినాక నువ్వు డొంకలోకి రా. లేకుంటే కంప అడ్డం వేస్తారు" అని పోయాడు.

పొద్దెక్కాక పోతే నా పాలు ఎవరికి కావాలి? టీ కొట్టుకు గిరాకీ మొదటి రైలుకే. ఒకటి రెండు సార్లు ఆలస్యమైతే కొట్టతను ప్యాకెట్టు పాలు తెచ్చుకుంటాడు. ఆ పాలే మా ఇద్దరికీ కూడు. మా అత్త గోడకు ఆనుకుని అంతా వింది. భర్త పోయాక ఆమె తెల్లవారుజామున ఎవరికీ ఎదురుపడేలా గడప దాటగా నేను చూడలేదు. వాకిలి సందులోంచి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరంటేనే నీళ్లకు బయటికి వచ్చేది.

"నేనైతే గడప లోపల ఉండిపోయినా," అంది. "నాకు చక్రాలు లేవు. నీకు ఉండాయి. ఏదో ఒక దోవ చూసుకో."

చూసుకున్నాను. మా ఇంటి వెనకే పలకల తిప్ప. ఒకప్పుడు గనిలోంచి తీసి, పలకలకు పనికిరాదని పారబోసిన రాతి పెంకులు. పోసి పోసి అదొక గుట్టయింది. గని ఎప్పుడో మూశారు. మేకలు తప్ప అటు ఎవరూ పోరు. దాన్నెక్కి అవతలికి దిగితే తిన్నగా టౌను రోడ్డు.

మొదటి రోజు సైకిలు తోసుకుంటూనే ఎక్కాను. దిగేటప్పుడు ఎక్కి కూర్చుని ముందు బ్రేకు పట్టాను. అంతే. పగిలిన పళ్లేల మీద కాలు పెట్టినట్టు పెంకులన్నీ ఒక్కసారి జారాయి. నేనొక పక్క, సైకిలొక పక్క. పాలు సగం పోయాయి. మోకాలు చీరుకుంది. లేచి తిప్పను బాగా తిట్టాను. తిట్టాక కాస్త ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత తిప్పే నేర్పింది. పల్లంలో ముందు బ్రేకు ముట్టుకోకూడదు. ఒళ్లు వెనక్కి వేయాలి. హ్యాండిలు గట్టిగా బిగబట్టినవాళ్లనే రాయి పడేస్తుంది, వదులుగా పట్టుకుంటే చక్రం తన దోవ తాను వెతుక్కుంటుంది. గాలి నిండా కొడితే టైరు గంతులేస్తుంది, కొంచెం తగ్గిస్తే రాతిని కరుచుకుంటుంది. పాలు చిందకుండా మూత కింద గడ్డి చుట్ట పెట్టేదాన్ని.

టీ కొట్టతను ఊరుకునేవాడు కాదు. "అక్కా, నీ పాలల్లో వెన్న తేలుతుంది. చిలికి తెస్తున్నావా ఏంది?"

"వెన్నకు వేరే లెక్క కట్టు మరి, తమ్ముడా."

రోజూ ఒకే చోట నడిచిన చక్రానికి రాయి కూడా లోబడింది. కొన్నాళ్లకు తిప్ప మీద సన్నగా గీత పడింది. వానకు చెరిగినా నేను మళ్లీ గీసేదాన్ని. దూరం నుంచి చూస్తే నల్లటి తిప్ప నడినెత్తిన పాపిట తీసినట్టు ఉండేది.

ఆ గీతను చూసే సైకిళ్లవాళ్లు వచ్చారు. ఒంగోలు నుంచి కొందరు ఆడా మగా, లావు టైర్ల సైకిళ్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. వాళ్లకు పెద్ద ఒక పిల్ల. ఖాళీ క్యాన్లతో తిప్ప దిగి వస్తుంటే నన్ను ఆపింది.

"ఆంటీ, ఈ ట్రయిలు ఎవరు వేశారు?"

"ట్రయిలో గియిలో నాకు తెలీదు. పాలు పొయ్యడానికి పోతా పోతా పడింది."

ఆ పిల్ల నోరు తెరిచింది. తన సైకిలు నాకిచ్చి, నాది తాను తీసుకుంది. దాని మీద కూర్చుంటే పరుపు మీద కూర్చున్నట్టుంది. రాయి ఎక్కడుందో తెలియక, ఎటు ఒరగాలో నాకు తోచలేదు. ఆ పిల్ల మాత్రం నా పాత సైకిలు మీద, క్యాన్లు మోగించుకుంటూ నాకంటే బాగా దిగింది. ఉన్న మాట చెప్పాలి కదా.

తర్వాత కూర్చుని కబుర్లు చెప్పింది. ఫ్రాన్సు దేశంలో చదువుకుందట. అక్కడ పల్లెల్లో సైకిళ్లకని ఇలాంటి బాటలే ఉంటాయట. ద్రాక్ష తోటల పక్కన, ఆవుల దొడ్ల మధ్య, వాగుల వెంట. రాళ్ల మీద రంగు గుర్తులు చూసుకుంటూ ఊరి నుంచి ఊరికి పోతారట. దొడ్డి తడక తీసినవాళ్లు మళ్లీ వేసి పోవాలట.

నాకు ఒకటే సందేహం. "సన్న బాటలో ఎదురొస్తే ఏం చేస్తారమ్మా?"

"గంట కొట్టి, పలకరించి, దారిస్తారు ఆంటీ. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వాలి. అదే పద్ధతి."

"ఎదురొచ్చింది ఎవరని చూడరా?"

"ఎవరైతే ఏముంది?"

ఆ మాట మూట కట్టుకున్నాను.

కొన్నాళ్లకు ఆ పిల్లే తిప్ప మీద పోటీ పెడతానని వచ్చింది. రాళ్ల మీద పసుపు రంగు బాణాలు వేసింది. ఊరివాళ్లు సంబరపడ్డారు. పోటీ మా ఇంటి వెనకాల నుంచి మొదలు, టెంకాయ కొట్టేది మా బావ. ముందురోజు సాయంత్రం బావ మళ్లీ మా గుమ్మంలో.

"రేపు పొద్దున తిప్ప మీదికి రావద్దమ్మా. శుభమా అని పిల్లోళ్లు బయలుదేరుతా ఉంటారు. ఇంట్లోనే ఉండు."

డొంక వద్దంటే తిప్ప మీద బాట వేసుకున్నాను. ఇప్పుడు ఆ బాట కూడా నాది కాదట. నాకు కోపం కూడా రాలేదు. నవ్వొచ్చింది. "తిప్ప మీదికి రానులే బావా" అన్నాను. ఆయన పోయాక మా అత్త నా ముఖం చూసి, "ఇంక మిగిలింది డొంకే గదే" అంది. లేచి క్యాన్లు ముందే కడిగి పెట్టింది.

పొద్దున డొంకలోకి దిగాను. చాలా కాలమైంది కదా, కంప ఇంకా ముందుకు పెరిగింది. మలుపు తిరగగానే ఎదురుగా తెల్ల పంచె, చేతిలో టెంకాయ. గంట కొట్టాను.

"ఏందిది? నిన్న చెప్పినా గదా!"

"తిప్ప మీదికి రావద్దన్నావు. రాలేదు."

"ఎనక్కి తిరుగు."

"నిండు క్యాన్లతో ఈ సందులో సైకిలు తిరగదు. సైకిళ్లోళ్ల పద్ధతి ఒకటుంది బావా. రోడ్డు దాకా నాది ఎక్కుడు, నువ్వు దిగతా ఉండావు. ఎక్కేవాళ్లకు దారియ్యాల."

బావ ముఖం తిప్పుకుని పక్కకు దూరాడు. పంచె కంపకు పట్టుకుంది. లాగాడు, ఇంకా చుట్టుకుంది. చేతిలో కాయ జారి దొర్లుకుంటూ వచ్చి నా చక్రం కింద ఆగింది. దిగి స్టాండు వేశాను. ఒక్కొక్క ముల్లూ తీసి పంచె విడిపించాను. ఆయన గుడ్లప్పగించి పైకి చూస్తూ నిలబడ్డాడు. కాయ తీసి చేతికిచ్చాను.

"నీ చేత్తో ఇచ్చిన కాయ కొట్టాల్నా?"

"వద్దంటే ఇంటికి పోయి ఇంకోటి తెచ్చుకో. ఈలోగా సైకిళ్లోళ్లు కాయ లేకుండానే పోతారు."

తిప్ప కింద నుంచి ఈల వినిపించింది. బావ అటు చూశాడు, కాయను చూశాడు. తుండుతో తుడిచి చంకలో పెట్టుకున్నాడు. నేను దాటిపోయేదాకా కంపకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజు పాలు రైలు కంటే ముందే చేరాయి, వెన్న తేలకుండా.

సాయంత్రం ఆ పిల్ల వచ్చి చెప్పింది. కాయ ఒక్క దెబ్బకే పగిలిందట. ఒకరిద్దరు పడ్డారట, మోకాళ్లు గీరుకుని నవ్వుకుంటూ లేచారట. పడకపోతే అది పలకల తిప్పే కాదు. కాయ ఎవరి చేతి మీదుగా వచ్చిందో బావ ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇప్పుడే చెబుతున్నాను.

అప్పటి నుంచి పొద్దున డొంకలోనే పోతాను. మలుపు దగ్గర గంట కొడతాను. కొందరు ఇప్పటికీ వెనక్కి పోయి కాళ్లు కడుక్కుంటారు, వాళ్ల నీళ్లు వాళ్ల ఇష్టం. బావ మాత్రం ముందే దగ్గి, పక్కకు నిలబడతాడు. కంప తగలకుండా పంచె పైకి పట్టుకుంటాడు. మా అత్త నన్ను సాగనంపాలని వాకిట్లోకి వస్తుంది, సందులోంచి చూడకుండానే.

తిరిగొచ్చేటప్పుడు తిప్ప మీదుగానే వస్తాను. ఎవరూ పొమ్మనలేదు, అవసరమూ లేదు. పైకెక్కి ఒకసారి ఊపిరి పీల్చుకుని, వెనక్కి ఒరిగి, బ్రేకు వదిలేస్తాను. ఖాళీ క్యాన్ల మోత తిప్ప సగం దిగకముందే ఇంటికి వినపడుతుంది. ఆ మోత విని మా అత్త పొయ్యి రాజేస్తుంది.