దేవసహాయం మాస్టారి ఊరిపటం

మొన్న మెయిన్ రోడ్డు మీద నడుస్తూంటే ఫ్లెక్సీల షాపులోంచి అప్పుడే ప్రింటయిన బేనరు వాసన వచ్చి నా ముక్కు పట్టుకుని లోపలికి లాగింది. ఆ వాసన ఎరగనివాళ్లకు ఎలా చెప్పాలి? కొత్త రబ్బరు చెప్పుల్ని కిరసనాయిల్లో నానబెట్టి, ఎండలో ఆరేసి, ఆరాక పాపం అని మళ్లీ కిరసనాయిలు చల్లినట్టుంటుంది. అందరూ ముక్కు మూసుకుని పోతారు. నేను మాత్రం గుమ్మంలో పది నిమిషాలు నిలబడిపోయాను. షాపతను బయటికొచ్చి, “ఏటి కావాలి సార్? పుట్టినరోజా, గృహప్రవేశమా?” అని అడిగాడు. దేవసహాయం మాస్టారు కావాలి అంటే ప్రింటు తీసి ఇవ్వలేడు కదా. ఊరికే చూస్తున్నానని చెప్పి వచ్చేశాను.

మాస్టారు జీవితంలో ఎవరికీ పాఠం చెప్పలేదు. గవరపాలెంలో ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఆయన. చేతిలో స్కేలున్న మనిషి కనబడితే అనకాపల్లిలో నోరు దానంతటదే “మాస్టారూ” అనేస్తుంది, అంతే. ఆయన గీత ఎంత తిన్నగా ఉండేదంటే, దాన్ని చూసిన మనిషి తనకు తెలియకుండానే నడుం నిటారు చేసి కూర్చునేవాడు. మస్కట్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేశారు. అక్కణ్ణించి అందరూ బంగారం తెచ్చుకుంటే ఈయన ఒక ఆట తెచ్చుకున్నారు. గదిలో తోడుండే ఫిలిప్పీన్ ఇంజినీరు నేర్పాడట.

ఆ ఆట ఇదీ. బల్ల చుట్టూ కూర్చోవాలి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి, ఒంటికి కాదు, నోటికి, “నేనిప్పుడు ఫలానా పని చేస్తాను” అంటారు. ఆ పని ఫలించిందో లేదో పాచికలు చెబుతాయి. గెలుపూ ఓటమీ లేవు. ఉన్నదల్లా మాస్టారు కల్పించిన ఒక ఊరు. దాని పేరు నీటిపేట. ప్రతి ఆదివారం, చర్చి నుంచి ఆయన వచ్చి భోంచేశాక, ఆయన ఆఫీసు గదిలో ఆ ఊరు మేలుకునేది. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసే రమణ అందులో గజదొంగ. ఆసుపత్రి నర్సు అప్పలనర్సమ్మగారు సేనాపతి. వారమంతా ప్రాణాలు నిలబెట్టి ఆదివారం యుద్ధాల్లో ఆ బాకీ తీర్చేసుకునేవారు. డీటీపీ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చునే నేను నీటిపేట ఆస్థాన వైద్యుణ్ణి. నా వైద్యానికి ఊరి జనాభా సగానికి తగ్గింది.

మాస్టారి ఆటలో ఒకే ఒక్క చట్టం: చేసినవాళ్లే గీయాలి. ఇల్లు తగలబెడితే తగలబెట్టినవాళ్లే పటం మీద దాన్ని చెరపాలి. వంతెన కడితే కట్టినవాళ్లే గీయాలి. అదీ టీ చల్లారేలోగా. ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసిన పటం అది. పాత గీతను బ్లేడుతో మెల్లగా గోకి కొత్తది గీయాలి. ఎనిమిదేళ్లు గోకగా గోకగా కాగితం కొన్ని చోట్ల ఉల్లిపొరైపోయింది. సంత వీధి దగ్గర తుమ్మాలంటే బయటికెళ్లి తుమ్మేవాళ్లం.

రెండువేల ఆరు ప్రాంతంలో, ఒక ఆదివారం, మాస్టారు కొత్త సందు గీయబోయి రైసుమిల్లు మధ్యనుంచి గీసేశారు. ఆయనే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“కళ్ల నరాలు ఎండిపోతన్నాయంట. పోయిన సూపు రాదని సెప్పేడు డాక్టరు. ఉన్నదైనా ఎన్నాళ్లుంటాదో తెలీదు. ఒరే సత్తిబాబూ, నా కళ్లతోపాటు ఈ ఊరు పోకూడదురా. కంప్యూటర్లోకి ఎక్కించు. ఏ సాఫ్ట్‌వేరు బాగుంటాదో నువ్వే సూడు.”

ఆ మాటతో నా ఛాతీ రెండు షట్టర్ల షాపంత వెడల్పయింది. అప్పటికి నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ బల్ల మీద వరసగా నిలబెట్టి స్వయంవరం ప్రకటించాను. ఇలాంటి ఆటల పటాల కోసమే విదేశాల్లో తయారైనది ఒకటి సంపాదించాను. అందులో కోటలున్నాయి, మంచు కొండలున్నాయి, డ్రాగన్లు పడుకునే గుహలున్నాయి. బెల్లం వండే పొయ్యి లేదు. పెంకుటిల్లు లేదు. డాబా మీద, ఎప్పటికైనా పై అంతస్తు వేస్తామన్న ఆశతో వదిలేసిన ఇనప ఊచలు లేవు. అవి లేకుండా ఊరెలా అవుతుంది? చివరికి, మా షాపులో పెళ్లికార్డులు చేసే సాఫ్ట్‌వేర్నే వరించాను. నెలన్నర కూర్చుని నీటిపేటను గీశాను. ఒక్కొక్క పెంకుకూ నీడ వేశాను. కాలవ నీటికి మెరుపు పెట్టాను. నాలుగు అంచులకూ పెళ్లికార్డు లతలు తిప్పాను. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ మీద ప్రింటు తీయించి, మాస్టారి గోడకు కట్టాను. అప్పలనర్సమ్మగారు చెంపలేసుకోబోయి ఆగారు.

మాస్టారు దగ్గరగా వెళ్లి ముక్కు ఆనించి చూసి, “బాగుందోయ్,” అన్నారు. ఆట మొదలైంది. గంట తిరక్కుండానే రమణ పాచికలు వేసి ఎగిరి గెంతాడు.

“మాస్టారూ! కాలవ లాకు గేట్లు ఎత్తీసేను! ఊరు మునిగిపోనాది!”

“మరింకేం. నీరు గియ్యి,” అన్నారు మాస్టారు.

రమణ నా వైపు చూశాడు. నేను ఫ్లెక్సీ వైపు చూశాను.

“ప్రింటయిపోయింది కదండీ,” అన్నాను.

“కంప్యూటర్లో మార్పించు.”

అక్కడే నేను దొరికిపోయాను. మా వృత్తిలో ఒక అలవాటుంది. తెలుగు అక్షరాలున్న ఫైలును ప్రింటింగు మిషను దగ్గరికి అలాగే పంపిస్తే, అక్కడ ఆ ఫాంటు లేక పెళ్లికూతురి పేరు కాస్తా చీమల బారు అయిపోతుంది. అందుకని పంపేముందు ఇళ్లూ, వీధులూ, అక్షరాలూ అన్నీ కలిపి ఒకే బొమ్మగా అదిమేస్తాం. ఒకసారి అదిమాక ఏదీ విడిగా రాదు. నెలన్నర పనిని నేను అలవాటు కొద్దీ అదిమేసి, అసలు ఫైలు మీదే, అది చెరిగిపోయేలా, భద్రంగా దాచేశాను.

“కంప్యూటర్లోనూ అంతేనండి. ఒకటే బొమ్మ.”

“ఓరి బావా, ఊరికి సిమెంటు పోసీసేవేటి!” అన్నాడు రమణ.

“ఇది ఊరి ఎక్స్‌రే తమ్ముడూ,” అన్నారు అప్పలనర్సమ్మగారు. “సూసుకోడానికే గాని, కుట్లెయ్యడానికి కాదు.”

మాస్టారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “నేను నీకు బొమ్మ సెప్పలేదోయ్. ఊరు సెప్పేను,” అన్నారు. తరువాత బల్ల మీద తడుముకుని నల్ల మార్కరు తీసి రమణ చేతిలో పెట్టారు. రమణ నా మెరుపుల కాలవ మీద, నీడల పెంకుల మీద చెయ్యి ఆడక నిలబడిపోయాడు. మాస్టారే అతని మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి నడిపించారు. ఇద్దరూ కలిసి సముద్రమంత వరద గీశారు. రైసుమిల్లు పోయింది, పోలీస్ స్టేషను పోయింది.

“మాస్టారూ, చర్చి కూడా మునిగిపోతోందండి,” అన్నాను ఆపుకోలేక.

“మునగనీ. దేవుడికి ఈతొచ్చు.”

నెలన్నర శ్రమ మీద నల్లటి నీరు పారుతుంటే నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. ఎనిమిదడుగుల ఆ అందంలో ప్రాణమున్నది ఆ మార్కరు గీత ఒక్కటే.

ఆ పై వారం నుంచి సాఫ్ట్‌వేర్ ఎంపికను మాస్టారు తన చేతుల్లోకి తీసుకున్నారు. పరీక్ష ఒకటే. కంప్యూటర్ ముందు అప్పలనర్సమ్మగారిని కూర్చోబెట్టి, టీ గ్లాసు పక్కన పెట్టి, “నూతిని అవతల వీధికి జరుపు” అనడం. టీ చల్లారేలోగా జరిగితే పాసు.

“నాకు అన్నీ వచ్చు కదండీ, నన్ను పరీక్షించండి,” అన్నాను ఉక్రోషంగా.

“నీకొచ్చు. రేపు నువ్వు హైద్రాబాద్ ఎల్లిపోతే? నాకు కళ్లు పోతే? ఉన్నోళ్లు సెరపగలగాలి. అదే నాక్కావాలి.”

ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజినీర్ల సాఫ్ట్‌వేర్ మొదటి వారమే పడిపోయింది. అప్పలనర్సమ్మగారు ఏదో మీట నొక్కితే ఊరు చుక్కై మాయమైంది. “ఊరేది? ఏడకి పోనాది?” అని ఆవిడ తెర వెనక్కి తొంగిచూశారు. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లో నూతిని లాగితే ఆసుపత్రి కూడా వెంట వచ్చింది. నాలుగో వారం, ఉచితంగా దొరికే ఒక అనాకారి సాఫ్ట్‌వేర్ పెట్టాను. దానికి మెరుపుల్లేవు, నీడల్లేవు. తెలుగు అక్షరాలు దానికి పలికేవి కావు. ఇళ్లకు అంకెలు వేసి, పేర్ల జాబితా కాగితం మీద రాసుకోవలసి వచ్చింది. కాని ప్రతి ఇల్లూ, ప్రతి నుయ్యీ విడివిడిగా ఉండేది. పట్టుకోవడం, లాగడం, వదలడం. “మా వార్డులో మంచాలు జరిపినట్టుందిది!” అన్నారు ఆవిడ. టీ ఇంకా పొగలు కక్కుతోంది.

ఊరంతా మళ్లీ గీశాను. ఈసారి మాస్టారు నా పక్కన కూర్చున్నారు. తెర ఆయనకు మసకే. నోటితో గీయించారు. “మిల్లు ఎనక సందు. రెండు ఎడ్లబళ్లు ఎదురైతే ఒకటి ఎనక్కి పోవాలి, అంతే వెడల్పు. ఆ మలుపులో ఒక అరుగు. మర్చిపోకు, అక్కడ ఓ ముసిలామె కూకుంటాది.” ఎనిమిదేళ్ల ఊరు ఆయన నోట్లోంచి మూడు నెలలపాటు ఇటుక ఇటుకగా దిగింది.

మరుసటి ఏడు ఆయన చూపు పూర్తిగా పోయింది. ఆ తరవాతి ఆదివారం నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, కథ నడపమన్నారు. తాను తాపీమేస్త్రి వేషం కట్టి, తన ఊరికి తానే కొత్తగా వచ్చారు. గంటసేపు దారి అడిగారు. చివరికి, జమీందారు ప్రహరీ బద్దలుకొట్టి, వరదలో ఇళ్లు పోయినవాళ్లు నీళ్లకు ఏటి ఒడ్డుకు పోవడానికి దారి తీస్తానన్నారు. పాచికలు ఒప్పుకున్నాయి.

“నేను గీసేస్తానండి,” అన్నాను.

“సేసింది ఎవరు?”

“మీరేనండి.”

“మరైతే మౌస్ ఇటు పట్రా.”

ఆయన చెయ్యి మౌస్ మీద పెట్టాను. ఊళ్లో కొన్ని వందల ఇళ్లకు తిన్నని గీతలు గీసిన ఆ చెయ్యి మెల్లగా కదిలింది. దారి ప్రహరీలోంచి బయలుదేరి, పశువులశాలలో దూరి, ఎందుకో వెనక్కి తిరిగి, చింతతోపు చుట్టూ తిరిగి, ఎలాగో ఏరు చేరింది.

“మాస్టారూ, ఈ సందులో తాగినోడు ఒక్కడే తిన్నగా నడవగల్డు,” అన్నాడు రమణ.

మాస్టారు పగలబడి నవ్వారు. “అడ్డొస్తే మార్చుకోండిరా. అందుకే కదా అన్ని వారాలు సాఫ్ట్‌వేరు ఎతికేం!”

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను హైదరాబాద్ వెళ్లలేదు. ఇప్పటికీ ఏ పని పూర్తిచేసినా, ఎవరి చేతికైనా అప్పగించేముందు, దీన్ని వీళ్లు చెరపగలరా అని ఒకసారి చూసుకుంటాను. నీటిపేటలో ఆదివారాలు ఇంకా నడుస్తున్నాయి. సంత వీధి రెండుసార్లు తగలబడింది, ఆసుపత్రి ఏటికవతలికి పోయింది, రమణ ఊరి మునసబయ్యాడు. మాస్టారి దారిని ఎవరూ కదపకుండా మేం కంప్యూటర్లో తాళం వేయలేదు. పట్టుకుని లాగితే టీ చల్లారేలోగా తిన్ననైపోతుంది. అయినా కొత్తగా ఎవరు ఇల్లు కట్టినా ఆ దారి వంకరకు ఒదిగేలాగే గోడ గీసుకుంటున్నారు.