పెద్దమ్మ గీసిన కన్ను

మా పెద్దమ్మ కళ్ళు చేస్తుంది. కన్ను పోయినవాళ్ళకు అమర్చే కృత్రిమ కళ్ళు. ఆసుపత్రిలో మెట్ల కింద గది ఆమెది. అక్కడ అందరూ ఆమెను స్కేలమ్మ అంటారు, చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడ దాన్ని బిరుదులాగే స్వీకరించింది. ఇంట్లో కూరగాయలు కూడా స్కేలు పెట్టే కోస్తుందేమోనని మా అనుమానం.

వచ్చినవాళ్ళను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, బాగున్న కంట్లో నల్లగుడ్డు వెడల్పు కొలుస్తుంది. సరిగ్గా అంతే ఉన్న బిళ్ళ మీద పొర ఆరాక పొర చొప్పున రంగులు వేస్తుంది. నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని విప్పి, వెంట్రుక కంటే సన్నటి పోగులు అతికిస్తుంది. "వయసంతా ఈ పోగుల్లోనే ఉంటుందే. పిల్లలకి రెండు చాలు, పెద్దాళ్ళకి ఇరవై పడతాయి," అనేది నాతో. ఎవరైనా మీ చేతిలో కళ ఉందమ్మా అంటే చిరాకుపడేది.

"కళా లేదు, గిళా లేదు. కొలత."

ఇంత కొలతల మనిషి మా అమ్మకు మాత్రం కన్ను చెయ్యలేదు.

మా అమ్మ ఆమెకు సొంత చెల్లెలు. అమ్మ ఎడమ కన్ను ఆరో ఏట పోయింది. పోగొట్టింది పెద్దమ్మే. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు, బొమ్మల పిచ్చి. చెల్లెల్ని గుమ్మంలో కూర్చోబెట్టి బొమ్మ గీస్తోంది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెల్లెలు మళ్ళీ తల తిప్పింది. కోపమొచ్చి, గడ్డం పట్టుకుని ఇటు లాగబోయింది. చేతిలో పెన్సిల్ ఉందన్న సంగతి మరిచిపోయింది. ఆ బొమ్మ కళ్ళు లేకుండానే ఆగిపోయింది. తర్వాత పెద్దమ్మ మనసుకు తోచిన గీత ఒక్కటీ గీయలేదు. స్కేలు పట్టుకుంది.

అమ్మ ఎవరో చేసిన కన్నే పెట్టుకుంటూ వచ్చింది. అది కాస్త నలుపెక్కువ, కాస్త పక్కకు చూస్తుంది. సొంతవాళ్ళకు చేస్తే లెక్క తప్పుతుందని పెద్దమ్మ తప్పించుకునేది. నాకు ఒళ్ళు మండేది. మా ఇంటికి వచ్చినా అమ్మ చెవివైపు చూస్తూ మాట్లాడేది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

పోయిన నెల ఆ పాత కన్ను బీటలిచ్చింది. చేసినాయన ఎప్పుడో పోయాడు. అమ్మ నన్ను వెంటేసుకుని మెట్ల కింద గదికి వెళ్ళి, చెప్పా పెట్టకుండా ఆ కుర్చీలో కూర్చుంది.

"ఇంకెవరైనా చేస్తార్లే. చీటీ రాసిస్తా, వెళ్ళు," అంది పెద్దమ్మ.

"నువ్వు నా మొహం చూడాలక్కా. అందుకే వచ్చా. కన్ను ఒక సాకు."

పెద్దమ్మ కొలబద్ద కోసం సొరుగు తెరిచింది. లోపల దూది మీద వరసగా కళ్ళు. చేసిన ప్రతి కంటికీ ఇంకోటి చేసి దాచే అలవాటు ఆమెది. అన్నీ మమ్మల్నే చూస్తున్నాయి.

"వీటి మధ్య ఎలా ఉంటావు పెద్దమ్మా?"

"చూస్తాయంతే. ఏమీ అడగవు."

మూడు రోజులు అమ్మ ఆ కుర్చీలో కూర్చుంది. పెద్దమ్మ కొలిచింది, రంగు సరిచూసింది, ప్రతి అంకెనూ పుస్తకంలో రాసుకుంది. నాలుగో రోజు కన్ను అమర్చి, అద్దం ఇచ్చింది.

అమ్మ అద్దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుంది. నేను వంగి చూశాను. కుడి కన్ను యాభై రెండేళ్ళది. పసుపు తిరిగి, ఎర్ర జీరలు పాకి, నల్లగుడ్డు చుట్టూ బూడిద రంగు అంచు. ఎడమ కంట్లో తెల్లగుడ్డు కడిగినట్టుంది, రెండంటే రెండే నరాలు. ఆరేళ్ళ పిల్ల ఒకతె మా అమ్మ మొహంలోంచి బయటికి చూస్తోంది. నాకు భయమేసింది.

"అక్కా, నాకు యాభై రెండు," అంది అమ్మ మెల్లగా.

పెద్దమ్మ గబగబా పుస్తకం తిప్పింది. పోగులు ఇరవై అని ఆమె రాతలోనే ఉంది. గాజు పలక మీద పద్దెనిమిది అలాగే మిగిలి ఉన్నాయి. ఆ అంకె మీద వేలు పెట్టి నిలబడిపోయింది.

"నిన్నే చూస్తున్నాననుకున్నానే. ఆ ఆరేళ్ళదాన్ని చూస్తున్నా. అది రోజూ ఈ కుర్చీలోనే ఉంటుంది. ఎవరొచ్చినా దాని మీదే కూర్చుంటారు."

ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఏడుస్తూనే చెయ్యి చాచింది. "ఇటివ్వు. పారేసి, కొలత ప్రకారం ఇంకోటి చేస్తా."

"చెయ్యి. బయటికెళ్ళడానికి నాకదే కావాలి. కానీ దీన్ని నీ సొరుగులో పెట్టనివ్వను. నేను తీసుకెళ్తా. నలభై ఆరేళ్ళు నీ దగ్గరున్నది చాల్లే."

పెద్దమ్మ కుంచె బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ తిప్పి, ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకుంది. అప్పుడు అమ్మ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. అమ్మ కదల్లేదు.